సగం అంతస్తుల పరీక్ష

విద్యాసాగర్‌కు మనుషుల మీద నమ్మకం లేదంటే అన్యాయమే. నమ్మకం ఉంది. కాకపోతే జేబులు వెతికిన తర్వాత కలుగుతుంది. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పాడు. అందులో పద్దెనిమిదేళ్లు, పరీక్షలొచ్చాయంటే చాలు, ఫ్లయింగ్ స్క్వాడ్ జీపెక్కి ఊళ్లు తిరిగాడు. మేజోళ్లలో చీటీలు, మడిచిన చొక్కా చేతుల్లో చీటీలు, ఆఖరికి చేతికి కట్టుకున్న కట్టు కింద చీటీలు పట్టుకున్న మనిషి. ఆ పిల్లవాడికి నిజంగానే చెయ్యి విరిగి ఉంటే ఎలా అని తోటివాళ్లు అడిగితే, "విరిగినోడు గంత నవ్వుకుంట రాయడు" అన్నాడట. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఆ చూపు మాత్రం రిటైరు కాలేదు. పాలప్యాకెట్ మీద తేదీ చూడందే గిన్నెలో పొయ్యనివ్వడు. గుడిలో తీర్థం పోస్తే ముందు వాసన చూస్తాడు.

అలాంటివాడి కంట్లో పరశురాం పడ్డాడు.

ఎందుకు పడ్డాడో చెప్పాలంటే ముందు మెట్ల సంగతి చెప్పాలి. అబిడ్స్‌కూ నాంపల్లి స్టేషనుకూ నడుమ ఒక గల్లీలో పద్మనిలయం అని ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటు ఉంది. కింద పెళ్లికార్డుల ప్రెస్సు, కళ్లద్దాల దుకాణం. జనరేటరు లేదు. కరెంటు పోతే లిఫ్టు ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. పక్కన కొత్త బిల్డింగు లేచి కిటికీలను మూసేసింది కాబట్టి మెట్ల మీద పట్టపగలు కూడా లైటు ఉండాల్సిందే.

విద్యాసాగర్ వాళ్లది మూడో అంతస్తు. ఆయన భార్య అనురాధకు రోజూ సాయంత్రం పబ్లిక్ గార్డెన్‌కు పోయే అలవాటు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, తెల్ల బూట్లు తొడుక్కుని, నలుగురు స్నేహితురాళ్లతో ఒక చుట్టు నడకా రెండు చుట్లు ముచ్చట్లుగా తిరిగి వచ్చేది. లిఫ్టు ఎక్కదు. ఒకసారి కరెంటు పోయి అందులో గంటసేపు నిలబడిపోయింది, అప్పటినుంచి దాని ముఖం చూడదు. పోయినేడు వానాకాలంలో ఒక సాయంత్రం మెట్లెక్కుతుండగా కరెంటు పోయింది. రెండో అంతస్తు దాటి మలుపు తిరిగే చోట కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. దవాఖాన, ఆపరేషను, మూడు నెలలు మంచం, ఆ తర్వాత కర్ర. ఆమె కేక వేసినప్పుడు విద్యాసాగర్ తలుపుకు ఇవతలే కూర్చుని పేపరు చదువుతున్నాడు. తెల్లవారి లేవగానే ఇప్పటికీ ఆయనకు మొదట ఆ కేకే వినిపిస్తుంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

తర్వాత చాలాకాలం అనురాధ గడప దాటలేదు. నడవలేక కాదు, ఆ మలుపు దాటలేక. అప్పుడే అసోసియేషన్ వాళ్లు మెట్ల పొడవునా పది ఎమర్జెన్సీ లైట్లు పెట్టించారు. అంతస్తుకు రెండు, ఒకటి తలుపుల ముందు, ఒకటి మలుపులో. కరెంటు ఉన్నంతసేపూ లోపలి బ్యాటరీని నింపుకుంటూ మెదలకుండా ఉంటాయి. కరెంటు పోగానే వాటంతట అవే వెలుగుతాయి. పెట్టింది పరశురాం. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా నాంపల్లిలో చిన్న ఎలక్ట్రికల్ దుకాణం నడుపుకుంటున్నాడు. చుట్టుపక్కల ఏడెనిమిది అపార్ట్‌మెంట్ల మెట్ల లైట్లు అతని చేతిలోనే ఉన్నాయి.

లైట్లు పెట్టిన వారానికి అనురాధ బూట్లు దులిపింది. మలుపులో ఆ దీపం కింద నిలబడి, "గిది ఉన్నన్ని దినాలు నాకు ఫికర్ లేదు" అంది.

ఆమె ఫికరంతా విద్యాసాగర్‌కు బదిలీ అయింది. దీపం ఉంది సరే, అక్కరపడినప్పుడు వెలుగుతుందని హామీ ఎవరు? పరశురాం. మరి పరశురాంకు హామీ ఎవరు? అనుమానం పెనుభూతం అంటారు. పెనుభూతానికైనా వేపమండతో మందు ఉంది. దీనికి లేదు.

ఆ ఆదివారం పొద్దున ఆయన అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల బజారుకు వెళ్లాడు. మూసి ఉన్న దుకాణాల ముందు పరిచిన పుస్తకాలను తిరగేస్తుంటే, నాలుగు కుప్పల అవతల గొంతుక్కూర్చుని పరశురాం కనిపించాడు. చేతిలో లావుపాటి గీతల రిజిస్టరు. అట్ట మీద ఎప్పటిదో పాత సంవత్సరం అచ్చయి ఉంది, లోపల కాగితాలన్నీ ఖాళీ. అటు తిప్పి, ఇటు తిప్పి, సంచిలో వేసుకుని పోయాడు.

విద్యాసాగర్ చేతిలోని పుస్తకం కింద పెట్టేశాడు. లైట్లు పరీక్షించిన ప్రతిసారీ రాయడానికి పద్మనిలయంలో ఒక పలచటి రిజిస్టరు ఉంది. వాచ్‌మన్ సాయన్న గదిలో మేకుకు వేలాడుతుంటుంది. మరి పరశురాంకు ఇంకో రిజిస్టరు ఎందుకు? అదీ పాతది ఎందుకు? కొత్త దుకాణాలు లేవా? దొంగరాతలన్నీ ఒక్కసారి కూర్చుని రాసి, ఎప్పటినుంచో రాస్తున్నట్టు చూపించడానికి తప్ప పాత కాగితం ఎవడికి కావాలి? ఇంటికి వచ్చేదాకా దారి పొడవునా ఆయన దీన్నే నములుతూ వచ్చాడు.

అదే రోజు మధ్యాహ్నం మూడింటికి పరశురాం నిచ్చెన భుజాన వేసుకుని దిగాడు. నెలనెలా బటన్ నొక్కి చూసే చిన్న పరీక్ష కాదు అది. ఏడాదికోసారి చేసే పెద్ద పరీక్ష. మీటర్ల గదిలో మెట్ల లైట్లకు కరెంటు ఆపేసి, బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా ఎమర్జెన్సీ లైట్లు ఎంతసేపు వెలుగుతాయో చూడాలి. రెండు గంటలు వెలిగితే పాసు. విద్యాసాగర్ కుర్చీ తెచ్చుకుని మూడో అంతస్తు మెట్ల మీద కూర్చున్నాడు. కళ్లలో వత్తులు వేసుకుని చూడ్డం అంటే ఏమిటో ఆ రోజు ఆయన్ని చూస్తే తెలిసేది.

మొదటి, మూడో, ఐదో అంతస్తుల లైట్లు వెలిగాయి. రెండూ నాలుగూ మామూలుగానే ఉన్నాయి. పరశురాం గడియారం చూసుకుంటూ కిందికీ పైకీ తిరిగాడు. రెండు గంటలు దాటాక ఆరు లైట్లూ మసకబారి ఆరిపోయాయి. అతను వెంటనే మీటర్ల గదికి వెళ్లి కరెంటు ఎక్కించాడు. మెట్ల లైట్లు వెలగగానే, సంధ్యవేళ ఇంట్లో లైటు వేసినవాళ్లు చేసినట్టే, రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకున్నాడు.

"గా రెండు అంతస్తులు?" అన్నాడు విద్యాసాగర్.

"బుధవారం జేస్త సార్."

"ఇయ్యాల ఎందుకు జెయ్యవు?"

"ఒక్కసారి ఖాళీ అయితే మల్ల నిండనీకి ఒక దినం పడ్తది సార్. అన్ని ఒక్కనాడే ఖాళీ జేసినమనుకోండ్రి, గదే పూట కరెంటు పోతే మెట్లన్ని చీకటే గదా. సగం సగం జేస్తే, ఒక అంతస్తుల లేకున్నా కింద మీద నుంచి జర వెలుతురు పడ్తది." పరశురాం లైటు పక్కనున్న చిన్న చుక్కను చూపించాడు. "గిది ఎర్రగుంటే నింపుకుంటున్నట్టు. పచ్చగయితే నిండినట్టు. రేపు గీ యాళకు పచ్చగైతది."

చక్కటి జవాబు. తడబాటు లేదు, ఒక్క మాట అటూ ఇటూ లేదు. అదే విద్యాసాగర్‌కు గుచ్చుకుంది. చీటీ పెట్టుకున్న పిల్లలందరి దగ్గరా ఇలాంటి చక్కటి జవాబులే ఉండేవి. నిజం చెప్పేవాడు కాస్త నీళ్లు నములుతాడని ఆయన సిద్ధాంతం.

పరశురాం పోయాక సాయన్న గదిలోంచి రిజిస్టరు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని చదివాడు. నెలలవారీగా ఎనిమిది రాతలు. "పది లైట్లు వెలిగినయి. బాగున్నయి." దాని కింద మళ్లీ, "పది లైట్లు వెలిగినయి. బాగున్నయి." ఎనిమిదిసార్లూ అదే మాట, అదే నీలం సిరా, అదే వాలు. ఆ రోజుదేమో, "ఆరు లైట్లు రెండు గంటల పది నిమిషాలు. బాగున్నయి."

"చూడు అనూ. రెండు జవాబు పత్రాలల్ల మక్కీకి మక్కీ ఉంటే ఏందన్నట్టు?"

అనురాధ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "ఇద్దరు ఒక్కటే చదివిన్రన్నట్టు" అంది.

"కాదు. కాపీ అన్నట్టు."

"మంచిగున్నదాన్ని మంచిగుందనక ఏమని రాస్తడు? పద్యం రాస్తడా?" ఆమె నవ్వింది. "పరశురాం మంచోడు. మలుపుల లైటు జర దూరమైందంటే మల్లొచ్చి నేను చెయ్యి పెట్టిన కాడ బిగించి పోయిండు. మీరు మెట్ల మీద కుర్చీ వేసుకుని కూసుంటే ఆయన ఏమనుకున్నడో ఏమో."

ఆమె నవ్వితే విద్యాసాగర్‌కు కోపం రాలేదు, భయం వేసింది. ఆ లైటును ఇంతగా నమ్మి, అది ఒకరోజు మోసం చేస్తే? ఈసారి విరిగితే డాక్టరు కూడా ఏమీ చేయలేనన్నాడు. నీ కోసమేనే ఇదంతా అని చెప్పాలనుకున్నాడు. కానీ నలభై ఏళ్ల కాపురంలో అలాంటి మాటలు చెప్పి అలవాటు లేదు. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు.

ఫ్లయింగ్ స్క్వాడ్ సూత్రం ఒక్కటే. చెప్పి వెళ్తే తనిఖీ కాదు, పేరంటం. సోమవారం పొద్దున పదకొండింటికి, అందరూ ఆఫీసులకు పోయాక, ఆయన సాయన్న దగ్గరికి వెళ్లి మీటర్ల గది తాళంచెవి అడిగాడు.

"పరశురాం లేడు గద సార్" అన్నాడు సాయన్న.

"లేడు గనకనే. నువ్వు ఎవ్వలకు చెప్పకు."

అంతస్తుకొక స్విచ్ ఉంది. విద్యాసాగర్ ఐదింటినీ దించేశాడు. సగం కాదు, పూర్తి. నిన్న పరశురాం చెప్పిన మాట గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. "అంతా సాకు" అనుకుని నెట్టేశాడు. ఒక్క పూటలో ఏం మునిగిపోతుంది? పైగా పట్టపగలు.

పది లైట్లూ వెలిగాయి. ఆయన కుర్చీలో కూర్చుని, కాగితం మీద పది గళ్లు గీసుకుని, చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. తలుపు తీసి అనురాధ తొంగిచూసింది.

"ఏం జేస్తున్రు ఈడ?"

"ఏం లేదు. గాలికి కూసున్న."

ఆ మెట్ల మీద గాలి వీచి పన్నెండేళ్లయింది. ఆమె ఒక క్షణం చూసి, పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి లోపలికి పోయింది.

గంటా పది నిమిషాలకే మూడో అంతస్తు లైటు పసుపుబారి పోయింది. ఆ వెనకే మొదటి అంతస్తువి, ఐదోవి. నిన్న పరశురాం రెండు గంటల పది నిమిషాలని రాసిన ఆరు లైట్లూ గంటన్నర కూడా నిలవలేదు. అతను ముట్టుకోని రెండూ నాలుగూ మాత్రం రెండు గంటలు దాటి వెలిగాయి.  పరీక్షించినవి చెడ్డాయి, పరీక్షించనివి బాగున్నాయి! తీగ లాగితే డొంకంతా కదిలిందనుకున్నాడు. నిన్న ఖాళీ చేసినవి ఇంకా పూర్తిగా నిండలేదేమో అన్న ఆలోచన ఒకటి గుమ్మం దాకా వచ్చింది. దాన్ని ఆయన లోపలికి రానివ్వలేదు. ఆఖరి లైటు కూడా ఆరేదాకా ఆగి, ఒంటిగంటన్నరకు అన్ని స్విచ్‌లూ ఎక్కించి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయనకు ఆకలి బాగా వేసింది.

సాయంత్రం ఆరున్నరకు మిద్దె మీద మీటింగు పెట్టించాడు. అసోసియేషన్ అధ్యక్షుడు మల్లేశ్వరరావుది ఐదో అంతస్తు. ఏ సంగతీ తేల్చకుండా వచ్చే నెలకు నెట్టడంలో ఆయనను మించినవాడు లేడు. అయినా విద్యాసాగర్ ఫోనులో గొంతు విని కాదనలేకపోయాడు. పది పన్నెండు మంది కుర్చీలు వేసుకున్నారు. పరశురాంను పిలిపించారు. అతను లిఫ్టులో ఐదో అంతస్తుకు వచ్చి, మిద్దె మెట్లెక్కబోతూ అక్కడి లైటు దగ్గర ఆగాడు.

"ఇంక ఎర్రగనే ఉందేంది? గీ పాటికి పచ్చగ కావాలె గదా" అని గొణిగాడు.

"గా సంగతి అడుగుదామనే పిలిచినం" అన్నాడు వెనక నుంచి విద్యాసాగర్. "రా, పైకి రా."

చలికాలం, అప్పటికే చీకటి పడింది. విద్యాసాగర్ కళ్లద్దాలు సర్దుకుని, ముందు అబిడ్స్ రిజిస్టరు సంగతి అడిగాడు.

"నిన్న పొద్దుగాల అబిడ్స్‌ల ఏం కొన్నవ్?"

పరశురాం తెల్లబోయాడు. "రిజిస్టర్ సార్. మనదాంట్ల ఒక్కటే కాగితం మిగిలింది. గాడ మంచి కాగితం దొరుకుతదని తెచ్చిన." సంచిలోంచి తీసి చూపించాడు కూడా. అందులో ఒక్క అక్షరం లేదు.

అది విద్యాసాగర్‌ను కాస్త తడబెట్టింది. అసలు కాగితం తీద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. అంతలో స్టేషన్ రోడ్డు వైపు నుంచి గల్లీ దాకా ఒక్కసారిగా కరెంటు పోయింది. దుకాణాల బోర్డులు, వీధి దీపాలు, ఎదురు బిల్డింగు కిటికీలు, అన్నీ. మెట్ల తలుపులోంచి మాత్రం తెల్లటి వెలుతురు మిద్దె మీదికి పరుచుకుంది. ఎమర్జెన్సీ లైట్లు వెలిగాయి.

"చూసిన్రా సార్" అన్నాడు పరశురాం. అతని గొంతులో గొప్ప ఏమీ లేదు, ఊరట మాత్రమే ఉంది.

కరెంటు ఎక్కడిదాకా పోయిందని అందరూ ఫోన్లలో ఆరా తీస్తూ పది నిమిషాలు గడిపారు. ఆఖరికి మల్లేశ్వరరావు, "వెలుగుతున్నాయి కదా విద్యాసాగర్‌గారూ. మిగతాది వచ్చే నెల చూద్దాం" అన్నాడు.

విద్యాసాగర్‌కు ఆ మాట వినిపించలేదు. ఆయన గడియారం చూసుకున్నాడు. ఆరూ యాభై. కరెంటు పోయి పది నిమిషాలు. ఒంటిగంటన్నర నుంచి ఆరూ నలభై దాకా ఎన్ని గంటలు? ఐదు. నిండడానికి ఒక దినం పడుతుందన్నాడు. ఐదు గంటల్లో ఎంత నిండుతుంది? పొద్దున గుమ్మం దగ్గరే ఆపేసిన ఆలోచన ఈసారి తోసుకుని లోపలికి వచ్చి కూర్చుంది. అనురాధ పార్కు నుంచి వచ్చే వేళ ఇదే. ఫోను తీసుకుపోదు, మెడలో బరువని ఇంట్లోనే పెట్టి పోతుంది. చీకటిగా ఉంటే కిందే కూర్చునేది, మెట్లెక్కేది కాదు. దీపాలు వెలుగుతున్నాయి కాబట్టి ఎక్కుతుంది. ఆ దీపాలను నమ్మి ఎక్కుతుంది.

ఆయన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. మిద్దె తలుపు దాటి ఐదో అంతస్తుకు చేరేసరికి అక్కడి లైటు పసుపుబారుతోంది. నాలుగో అంతస్తు మలుపులో ఉండగా అది ఆరిపోయింది. ఆ పైన ఒకటి, ఈ కింద ఒకటి, చూస్తుండగానే కళ్లు మూసుకున్నట్టు అన్నీ పోయాయి.

కింద ఎక్కడో బూటు మెట్టు మీద జారిన చప్పుడు. ఆ తర్వాత, "అమ్మో" అని చిన్నగా.

కేక కాదది. పోయినేడు వేసిన కేక కాదు. అయినా విద్యాసాగర్ కాళ్లు నేలలో పాతేసినట్టు నిలిచిపోయాయి. అరవై ఏడేళ్ల మనిషి చీకట్లో కమ్మీ పట్టుకుని, "అనూ, కదలకు! ఏడున్నవో గాడనే ఉండు!" అని అరిచాడు. 

ఆయనను దాటుకుంటూ ఎవరో దిగిపోయారు. పరశురాం. ఫోను నోట్లో కరచుకుని, ఆ వెలుతురులో రెండేసి మెట్లు దూకుతూ పోయాడు. వెనకే మిగతావాళ్లు ఫోన్లు పట్టుకుని దిగారు. వాళ్ల వెలుతురులో విద్యాసాగర్ మెల్లగా రెండో అంతస్తు పైన మలుపు దగ్గరికి చేరాడు.

అనురాధ అక్కడే మెట్టు మీద కూర్చుని ఉంది. కమ్మీని రెండు చేతులతో కావలించుకుని ఉంది. రెండు మెట్లు జారి ఆగిందట. మోచెయ్యి గీసుకుపోయింది, ఇంకేమీ కాలేదు. పరశురాం కింది మెట్టు మీద మోకాళ్లూని, "కాలు కదలవెట్టమ్మా, జర కదలవెట్టు" అంటున్నాడు. ఆమె కదిలించింది. నొప్పి లేదంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"వెలుగుతుందని ఎక్కిన" అంది. "వెలుగుతుంది గదా అని ఎక్కిన."

ఇక జనం పరశురాం మీద పడ్డారు. ఏడాది కూడా కాలేదు, పావుగంట కూడా వెలగలేదు, ఇవేనా నువ్వు పెట్టినవని ఒకరు. ముసలావిడకు ఏమన్నా అయితే ఎవరు జవాబుదారని ఇంకొకరు. మల్లేశ్వరరావు అంతటివాడు కూడా వచ్చే నెల అనకుండా, "రేపటినుంచి నువ్వు రావద్దయ్యా. మిగతా అపార్ట్‌మెంట్ల వాళ్లకు కూడా చెబుతాం" అన్నాడు.

 పరశురాం నిచ్చెన లేకుండానే కమ్మీ మీద కాలు పెట్టి మలుపులోని లైటు విప్పి, చిన్న మీటరుతో చూశాడు. "ఖాళీ ఉంది. గిది రెండో అంతస్తుది. దీన్ని నిన్న నేను ముట్టనే లేదు" అని తనలో తను అనుకున్నాడు. "నేను ముట్టంది ఎట్ల ఖాళీ అయితది?"

"దొరికినాక అందరూ అదే అంటరు" అన్నారెవరో.

మొన్నటిదాకా అయితే ఆ మాట విద్యాసాగరే అనేవాడు. ఇప్పుడు ఆయన నోరు తెరవలేదు. జేబులో మడిచిన కాగితం ఉంది. ఎవరికీ తెలియదు. తెలిసినవాడు సాయన్న ఒక్కడు. అతను కింది మలుపులో టార్చిలైటు పట్టుకుని నిలబడి, నేల చూస్తున్నాడు. చెప్పడు. చెప్పకని చెప్పింది ఆయనే. ఊరుకుంటే తాను అన్నదే నిజమవుతుంది. అందరూ, ముందే చెప్పాడు పెద్దమనిషి అంటారు.

పరశురాం మీటింగు నుంచి ఎవరో తెచ్చిన పద్మనిలయం రిజిస్టరు తీసుకున్నాడు. ఆఖరి కాగితం మీద, ఫోను వెలుతురులో, రాశాడు. రాస్తూ పైకి చదివాడు, అది అతని అలవాటు. "సోమవారం సాయంత్రం ఆరు నలభైకి కరెంటు పోయింది. పది లైట్లు పావుగంటకు బంద్ అయినయి. అమ్మ జారింది. కారణం దొరకలేదు. బాధ్యత నాది." కింద సంతకం పెట్టాడు.

పద్దెనిమిదేళ్లు తిరిగాడు విద్యాసాగర్. తనది కాని చీటీకి సంతకం పెట్టిన పిల్లవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. పైన ఎనిమిది రాతలూ ఒకేలా ఉన్నాయి, ఎందుకంటే ఎనిమిదిసార్లూ ఒకేలా జరిగింది. ఈ ఒక్కటే వేరుగా ఉంది, ఇదొక్కటే విద్యాసాగర్ చేసిన పని.

ఆయన తల తిప్పితే అనురాధ తననే చూస్తోంది. ఏడుపు ఆగింది. కళ్లు తుడుచుకుని నిదానంగా చూస్తోంది. ఆ చూపు ఆయనకు కొత్త కాదు. అద్దంలో చూసుకున్నదే.

"పొద్దుగాల గాలికి కూసున్నరు గదా" అంది మెల్లగా. "ఎంతసేపు కూసున్నరు?"

గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది. కాగితం తీశాడు. మడతలు విప్పి ఆమె ముందు పట్టుకున్నాడు.

"రెండున్నర గంటలు" అన్నాడు. "నేనే. ఐదు అంతస్తులు బంద్ జేసి, అన్ని ఖాళీ అయ్యేదాంక కూసున్న. పరశురాం వద్దని చెప్పిండు. సగం సగమే జెయ్యాలని నిన్ననే చెప్పిండు. నేను ఇన్లేదు."

 పరశురాం, "గట్లనా" అని గట్టిగా ఊపిరి వదిలాడు. అతనికి కోపం రాలేదు, లెక్క కుదిరింది. "గదే అనుకున్న సార్. బ్యాటరీలు మంచిగనే ఉన్నయి మరి."

"పెన్నియ్యి" అన్నాడు విద్యాసాగర్.

పద్మనిలయం రిజిస్టరులో ఇక చోటు లేదు. పరశురాం సంచిలోంచి ఖాళీది తీసి ఇచ్చాడు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నది, దొంగరాతలకని ఆయన అనుమానించినది. దాని మొదటి కాగితం మీద, మెట్టు మీదే కూర్చుని, విద్యాసాగర్ తన పేరు, తేదీ, వేళలు, చేసిన పని రాశాడు. నిజం చెప్పేవాడు నీళ్లు నములుతాడన్నది ఆయన సిద్ధాంతమే కదా. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

రాస్తుండగా కరెంటు వచ్చింది. మెట్ల లైట్లు వెలగగానే అందరి చేతులూ అలవాటుగా జోడయ్యాయి. మల్లేశ్వరరావు చేతులు, సాయన్న చేతులు, గీసుకుపోయిన మోచేతితో అనురాధ చేతులు. విద్యాసాగర్ చేతిలో పెన్ను ఉండిపోయింది.

ఆయన లేచి అనురాధకు చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి చూసింది. తర్వాత కమ్మీ పట్టుకుని తనే లేచింది.

"పరశురాం, జర ముందల నడువు" అంది. అతను ముందు నడిచాడు. ఆమె వెనక నడిచింది. ఆఖరున విద్యాసాగర్, ఆమె జారితే పట్టుకునేంత దగ్గరగా, ముట్టుకోనంత దూరంగా నడిచాడు.

మర్నాడు ఆమె పార్కుకు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. విద్యాసాగర్ అడగలేదు. బుధవారం సాయంత్రం పరశురాం వచ్చి, పది లైట్ల చుక్కలూ పచ్చగా ఉన్నాయని చూసుకుని, రెండూ నాలుగూ అంతస్తుల పరీక్ష వచ్చే వారానికి మార్చానని చెప్పిపోయాడు. విద్యాసాగర్ మెట్ల మీద కుర్చీ వేసుకోలేదు.

గురువారం ఐదింటికి అనురాధ బూట్లు తొడుక్కుంది. లేసులు కట్టుకుని తలుపు దాకా వచ్చి ఆగింది. బయట లైటు పక్కన చుక్క పచ్చగా ఉంది. అయినా చెయ్యి చాచి బటన్ నొక్కింది. లైటు వెలిగింది. వదిలి, మళ్లీ నొక్కింది. మళ్లీ వెలిగింది. అప్పుడు వెనక్కి తిరిగి భర్త ముఖం చూసింది.

"ఇయ్యాల స్విచ్‌లు ఎవరన్న ముట్టిన్రా?"

"లేదు."

ఆమె చూస్తూనే ఉంది. నలభై ఏళ్లలో ఆయన చెప్పిన మాటను ఆమె రెండోసారి అడిగింది లేదు. ఇప్పుడు అడగలేదు కానీ, కదలనూ లేదు.

విద్యాసాగర్ లోపలికి వెళ్లి మీటర్ల గది తాళంచెవి తెచ్చాడు. సోమవారం సాయన్న దగ్గర తీసుకున్నది, తిరిగి ఇవ్వడానికి ముఖం చెల్లక దాచుకున్నది. ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగు చివర ముడివేసి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ పోయింది.